కోడికి అమ్మోరొస్తే అమ్మది తప్పా?

ఈ ఉదయం బొమ్మనహళ్ళిలో మా పక్కింటి మేడ మీద వేపాకు, పసుపు, వెల్లుల్లి కలిపి నూరుతున్నారు. కోడికి అమ్మోరు పోసిందట. ఆ వాసనకు మా పాత రేకుల ఇల్లు గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది: గంప కింద ముడుచుకున్న కోడి, కళ్ళ చుట్టూ పొక్కులు, వాటి మీద ఆముదంతో కలిపిన పచ్చటి ముద్ద.

మా ఇంట్లో ఆ మందు ఎప్పుడూ అమ్మే నూరేది. కానీ అమ్మ ముద్దుగా పెంచుకున్న నల్లపెట్టకు పొక్కులు వచ్చినప్పుడు అవ్వ ఆమెను రోలు తాకనివ్వలేదు.

"ముట్టులో గంప కాడికి పోతివి. నీ నీడ పడే దానికి అమ్మోరొచ్చిండాది. ఇంక చాలు, దూరంగా ఉండు తల్లీ!"

అవ్వ పూసిన మందుతో జబ్బు సోకిన మిగతా కోళ్ళు కోలుకున్నాయి. నల్లపెట్ట చచ్చిపోయింది. బతికిన కోళ్ళ పేరేమో అవ్వకు, చచ్చిన కోడి నిందేమో అమ్మకు! ఇదేం న్యాయం?

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. అది వైరస్ అనీ, దోమకాటుతో అంటుకుంటుందనీ చదివాను. అవ్వ వేసిన ఆ నిందను అమ్మ ఎప్పుడో మరిచిపోయి ఉంటుందనుకున్నాను. ఈ రోజు అమ్మ బట్టలు ఆరేస్తుంటే చెప్పాను.

"అమ్మా, అది దోమలతో వచ్చే జబ్బు. నీడ పడి ఏ కోడికీ రాదు."

తడి చీర చేతిలోనే ఉండిపోయింది.

"నిజంగానా పాపా? అయితే దాన్ని చంపింది నేను కాదా?"