‘ఈ’ అనమ్మా

పిల్లలకు పళ్ళు తోముకోవడం నేర్పడంలో మా నాన్నగారిని మించినవాళ్ళు ముమ్మిడివరం చుట్టుపక్కల లేరని అందరూ అనేవారు. ఇప్పటికీ అంటారు. ఆయన దగ్గర చదువుకుని, ఉద్యోగాలు చేసి రిటైరైన పెద్దమనుషులు ఎక్కడైనా కనబడితే, "మాస్టారి ధర్మమా అని ఈ వయసులో కూడా ఒక్క పన్ను కదల్లేదమ్మా" అని మరీ నవ్వి చూపిస్తారు. నేను తలాడిస్తాను.

ఇది డెబ్బైల్లో మాట. మాది ఏకోపాధ్యాయ పాఠశాల, ఆ ఒక్క ఉపాధ్యాయుడూ మా నాన్నగారే. నేనూ అక్కడే చదివాను. ఇంట్లో నాన్నగారు, బడిలో మాస్టారు. పొరపాటున బడిలో "నాన్నగారూ" అన్నానంటే బెత్తం పడేది.

ప్రార్థన అవగానే పిల్లలందరినీ అరుగు మీద వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వంగి, "ఈ అనమ్మా" అనేవారు. "అ" అంటే నాలుక తప్ప ఏమీ కనబడదట, "ఈ" అంటేనే ముందు పళ్ళన్నీ బయటికొస్తాయట. మా ఊళ్ళో పిల్లలకు అక్షరమాల "ఈ"తోనే మొదలయ్యేది. పాచి కనబడితే అక్కణ్నుంచి అటే నూతి దగ్గరికి. కచ్చిక, అంటే కాల్చిన పిడక ముక్క, దాంతో తోముకుంటే చిగుళ్ళు పాడైపోతాయనేవారు. ఇటుకపొడి పేరెత్తితే మండిపడేవారు. అమలాపురం నుంచి బ్రష్షూ, పళ్ళపొడి డబ్బా తెప్పించి, పై పళ్ళు పైనుంచి కిందికి, కింది పళ్ళు కిందినుంచి పైకి తోముకోవాలని చేసి చూపించేవారు. ఆ చూపించేది నా నోట్లోనే. నన్ను బల్ల మీద నిలబెట్టి, "చూసేరా, ఇలాగుండాలి పళ్ళంటే" అనేవారు. అవి నా పాలపళ్ళు. నిజంగానే తెల్లగా ఉండేవి. నాకు ఎంత గర్వమో.

ఆయనకెందుకంత పట్టింపో నాకు తెలుసు, తెలియదని అనను. మా తాత పాలేరు. రైతుగారి ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు, తన ఊపిరి ఆయనకు తగలకూడదని. అది చూస్తూ పెరిగిన కొడుకు చదువుకుని మాస్టారయ్యాడు. "మన పిల్లలు నోరు తెరిచి మాట్లాడాలి, ఎవడూ మొహం తిప్పుకోకూడదు" అనేవారు. అది మంచి మాటే. ఆ మంచి మాటంతా నా నెత్తిన పడుతుందని ఎవరనుకున్నారు?

రెండో తరగతిలో నా పళ్ళు ఊడడం మొదలైంది. ఊడిన ప్రతి పన్నూ మా అమ్మ పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరింది. కొత్త పళ్ళు వచ్చాయి. పసుపచ్చగా వచ్చాయి, మధ్యలో అడ్డంగా బూడిదరంగు చారతో.

"పాచి" అన్నారు నాన్నగారు మొదటిరోజు. "తోముకోలేదా?"

"తోముకున్నానండి."

"మళ్ళీ తోముకుని రా."

వచ్చాను. అలాగే ఉన్నాయి. మూడోరోజు బెత్తం తీశారు. దెబ్బలు పళ్ళకు కాదట, అబద్ధానికట. పిల్లలందరి ముందూ ఆ తేడా విడమరిచి చెప్పి మరీ కొట్టారు. "మాస్టారి కూతురివై ఉండి అబద్ధాలాడతావా?" నేను ఏడుస్తూనే తోముకున్నానన్నాను. అందుకు ఇంకో రెండు.

ఇంటికొచ్చాక మా అమ్మ నెమ్మదిగా అంది: "నా కళ్ళ ముందే తోముకుందండీ. పన్ను రావడమే అలా వచ్చిందేమో."

"నువ్వు దాన్ని వెనకేసుకు రాకు. పన్ను అలా ఎందుకొస్తది? గార పట్టేసింది."

ఆ తర్వాత నా మీద నమ్మకం పోయి, ఆయనే తోమడం మొదలుపెట్టారు. బ్రష్షుతో పోలేదు. ఉప్పుతో పోలేదు. చివరికి బడిలో పిల్లలకు వద్దన్న ఆ ఇటుకపొడినే మెత్తగా నూరించి, ఆదివారం చర్చికి వెళ్ళేముందు నూతి గట్టు మీద కూర్చోబెట్టి, వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దేవారు. ఎర్రటి నీళ్ళు ఉమ్మేదాన్ని. అందులో ఇటుకెంతో, నెత్తురెంతో నాకు తెలిసేది కాదు. ఆయన చేత్తో ఆయనే రుద్దినా రంగు పోలేదు కదా, అప్పుడైనా అర్థం కావద్దా? కాలేదు. "ఎన్నాళ్ళు నిర్లక్ష్యం చేసేవే" అనేవారు. ఇదిగో, ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

నాలుగో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. బడికి సున్నం వేయించారు. పిల్లలకు వారం రోజులు "ఈ" అనడం ప్రాక్టీసు. ముందురోజు సాయంత్రం నాన్నగారు నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనంత మెత్తగా, "రేపు నువ్వు బడికి రావద్దులేమ్మా. జ్వరమని చెప్తాను" అన్నారు.

నాకు జ్వరం లేదు. ఆ మాటే అన్నాను. ఆయన కోప్పడలేదు. లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దుటినుంచీ ఇంట్లో మంచం మీద కూర్చుని, వీధి చివర బడిలోంచి వస్తున్న "ఈ" విన్నాను. సాయంత్రం ఆయన సంబరంగా వచ్చి, "పిల్లల దంతాలు ముత్యాల్లా ఉన్నాయని పుస్తకంలో రాసేరే" అని అమ్మకు చెబుతున్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ ఏడాదినుంచే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడడం అలవాటైంది. మా తాతలాగే. "మాస్టారమ్మాయి పాచిపళ్ళు" అని ఏడిపించిన పిల్లలు పెద్దవాళ్ళై మర్చిపోయారు. నా చెయ్యి మాత్రం మర్చిపోలేదు. పెళ్ళి ఫోటోలో కూడా నేను మూతి బిగించుకునే ఉన్నాను. పొగరనుకున్నారు మా అత్తగారివైపు వాళ్ళు.

ఇంటర్ చదువుతుండగా చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం జివ్వుమనడం మొదలైంది. అన్నం కూడా ఒక పక్కనే నమలాల్సి వచ్చేది. ఇక తప్పదని నాన్నగారు నన్ను కాకినాడ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎదుర్లంక రేవులో పంటెక్కాం. గోదావరి దాటించే ఆ పెద్ద పడవను మావైపు పంటు అనే అంటారు. "పంటి కోసం పంటెక్కేం" అని నాన్నగారు పక్కాయనతో నవ్వుతూ అన్నారు. నేను నవ్వలేదు.

డాక్టరుగారు పెద్దాయన. అద్దం పెట్టి చాలాసేపు చూశారు. "చిన్నప్పుడు ఈ అమ్మాయికి జ్వరాలొచ్చేవాండీ? ఏం మందు వాడేరు?"

నాన్నగారు నిటారుగా కూర్చున్నారు. "ఇంగ్లీషు మందేనండి. పసర్లూ తాయెత్తులూ మేం దగ్గరికి రానివ్వమండి. రెండేళ్ళప్పుడు అస్తమానూ రొమ్ము పట్టేసేదండి. గొట్టంమాత్ర విప్పి, ఆ పచ్చటి పొడి తేనెలో కలిపి నేనే నాకించేవాణ్ణండి. అలా రెండు మూడేళ్ళు వాడేమండి."

"టెట్రాసైక్లినండి అది. అంత చిన్నపిల్లలకిస్తే తర్వాతొచ్చే పళ్ళు ఇలాగే రంగు పట్టి వస్తాయి. పాచీ కాదు, గారా కాదు. లోపల్నుంచి ఉన్న రంగు, ఎంత తోమినా పోయేది కాదు."

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న నాకు కళ్ళవెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. పదేళ్ళు. తోముకున్నానండి, తోముకున్నానండి అని పదేళ్ళు మొత్తుకున్నాను. ఇప్పుడు ఒక పెద్దమనిషి ఆయన ముందే చెప్పాడు, నేను అబద్ధాలకోరును కానని. ఆ మందు సంగతి నాన్నగారికేం తెలుసు, ఎవరికి మాత్రం తెలుసు? దాన్ని నేను ఆ క్షణాన్నే వదిలేశాను. ఒక్క మాట చాలు నాకు. అయ్యో తల్లీ అన్నా చాలు. తల తిప్పి ఆయన మొహంలోకి చూశాను.

ఆయన గోడమీది దవడబొమ్మ చూస్తున్నారు.

డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ అన్నారు: "ఈ జివ్వుమనడం మాత్రం మందు వల్ల కాదండి. పంటి మీద గట్టి పొర అరిగిపోయింది. ఏ ఇసకో, ఇటుకపొడో పెట్టి ఏళ్ళ తరబడి రుద్దేరు. ఎవరు రుద్దేరండీ?"

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "చిన్నతనం కదండీ. తెల్లగా అవుతాయని తనే రుద్దేసుకునేదండి. ఎంత చెప్పినా వినేది కాదు."

డాక్టరుగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేనా?"

నాన్నగారి చేతులు చూశాను. ఒళ్ళో గొడుగును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఎదురైతే ఊరంతా లేచి నిలబడే మా మాస్టారు, ఆ డాక్టరు ముందు బెంచీ చివర, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా కూర్చుని ఉన్నారు.

"నేనేనండి" అన్నాను.

పళ్ళ విషయంలో నేనాడిన అబద్ధం మొత్తం మీద అదొక్కటే. దానికి మాత్రం మా నాన్నగారు నన్ను కొట్టలేదు.