దిబ్బూరహళ్ళి సున్నా

చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం పోయే బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి, పట్టుపురుగుల రోగాల డేటా చూసుకుంటున్నాను. అప్పుడు నేనింకా డేటా సైన్స్ నేర్చుకుంటున్నదాన్ని. పక్కనున్న పెద్దామె అదేపనిగా స్క్రీన్‌లోకి చూస్తుంటే అనుమానమొచ్చి దాన్ని ఆమెకు కనబడకుండా పక్కకు తిప్పేశాను.

"దిబ్బూరహళ్ళి అని రాసుండాదే. మా ఊరి సంగతి నీకెవురు చెప్పిరమ్మా?" అంది.

"సర్వేలో మీవాళ్ళే చెప్పినారమ్మా. ఈ ఏడు మీ ఊర్లో రోగం సున్నా అంట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు ఆఫీసు మనిషివా?"

"కాదమ్మా, చదువుకుంటాండాను."

నా వైపు వంగి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో ఈ ఏడే రెండు పంటల పురుగులు రోగమొచ్చి సచ్చిపోయినాయి. ముక్కూ మొగం తెలీనోళ్ళు వచ్చి అడిగితే చెప్తామా? బాగుండాయంటాం."

శిడ్లఘట్టలో దిగిపోయింది. ఆమె చెప్పింది నిజమో కాదో నాకిప్పటికీ తెలీదు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు నేనే డేటా పని నేర్పుతున్నాను. ఎవరైనా సున్నాలు చూపించి సంతోషపడితే, ఆ ఇళ్ళకు పోయి అడిగిందెవరో ముందు కనుక్కోమంటాను.