జీడినూనె పూసిన తలుపు

మొన్న వంటింటి కిటికీకి చెదలు పట్టిందని వడ్రంగిని పిలిపించాను. అతను నాకు వరసకి బావ అవుతాడు, పనికంటే కబుర్లు ఎక్కువ. కిటికీ చూసి పెదవి విరిచి, పెరట్లోకి వెళ్ళి, కొబ్బరిమట్టల పక్కన గోడకి ఆనించి ఉన్న పాత తలుపు దగ్గర ఆగిపోయాడు. వేలితో కొట్టి చూశాడు, ఉలి మొనతో గీరి చూశాడు. "ఎండకీ వానకీ ఇక్కడే పడున్నా ఒక్క పురుగు ముట్టలేదు. ఇంత మంచి తలుపు పెరట్లో పడీసినావేటి బావా?" అన్నాడు. టీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను. మా ఆవిడ అతనికి అప్పటికే టీ ఇచ్చేసిందన్న సంగతి లోపలికి వెళ్ళాక గుర్తొచ్చింది.

ఆ తలుపు చేయించిన ఏడాది నాకు ఉద్యోగం లేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేశాను. గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, పప్పు ఏ రకమో చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. ఆ విద్య గేటు దాటితే ఎందుకూ కొరగాదని గేటు మూతపడ్డాకే తెలిసింది. ఓనరు మంచివాడే, చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపాడు. ఇంట్లో మూడు పనులు నోరు తెరుచుకుని ఉన్నాయి. వానొస్తే వంటింటి శ్లాబు కారుతోంది, వీధి వరండా గచ్చు పెచ్చులూడి స్తంభాల్లో ఇటుకలు కనిపిస్తున్నాయి, వెనకవైపు అక్క కోసం ఒక గది కట్టాలి. నా దగ్గరున్న డబ్బు గట్టిగా చూస్తే ఒకటిన్నర పనికి వస్తుంది.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్ద. పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. జీడిపిక్కలు కొట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. పిక్కలోంచి వచ్చే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకని చేతులకి ఆముదం, బూడిద రాసుకుని పీట ముందు కూర్చునేది. ఎంత రాసుకున్నా అరచేతులు నల్లగా కమిలిపోయి ఉండేవి. ఆ చేతుల జీడి నాకు ఎక్కడ అంటుతుందోనని నాకు అన్నం చెంచాతో తినిపించేది. మా ఊళ్ళో ఆ రోజుల్లో దొరబిడ్డలా చెంచాతో తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. బళ్ళో పిల్లలకి ఈ సంగతి తెలిసి నన్ను చాలాకాలం ఏడిపించారు.

మా ఉద్దానంలో ఎన్నో ఇళ్ళకి వచ్చిన కిడ్నీ జబ్బు ఆవిడకీ వచ్చింది. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ మిషన్ దగ్గర పడుకునేది. తిరిగొచ్చేసరికి మనిషిలో ఏమీ మిగిలేది కాదు. ఆవిడ గుండె దీన్ని ఎక్కువకాలం తట్టుకోదని, పొట్టలోకి మందునీళ్ళు ఎక్కించి తీసే పద్ధతికి మారితే ఇంట్లోనే చేసుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. దానికి దుమ్ము చొరని గది కావాలి, లోపలే కుళాయి ఉండాలి, తలుపు బిగుతుగా మూసుకోవాలి. నర్సు వచ్చి గది చూసి సరేనంటేనే మందు సంచులు పంపుతారు.

ముందు ఏ పని మొదలెట్టాలో వేరే చెప్పాలా? నేను మాత్రం వీధి వరండా మొదలెట్టాను. ఉద్యోగం పోయిందన్న మాట ఊళ్ళో పాకకముందే ఇంటి ముంగిలి మెరిసిపోవాలని నాకు పట్టుదల. "వరండాకేటి తొందరండీ, ముందు ఒదిన గది సూడండి" అని మా ఆవిడ రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడం మానేసింది. నెల్లాళ్ళలో ఇంకో ఉద్యోగం రాకపోతుందా, అప్పుడు గది దర్జాగా కట్టిద్దామన్నాను. అక్క కూడా నా వైపే మాట్లాడింది. "పోన్లేయే, మొగోడికి పరువుంటాది కదా. నా గదికేటి, ఆగుతాది" అంది. ఆ మాట పట్టుకుని స్తంభాలకి నిలువునా టైల్స్ అతికించాను, స్టీలు రెయిలింగు పెట్టించాను, రెండు పూతలు రంగు వేయించాను. నెల్లాళ్ళ పని మూడు నెలలు సాగింది. టీ కొట్టు దగ్గర "ఏటి బావా, లాటరీ తగిలిందేటి?" అని అడిగితే, అవునన్నట్టూ కాదన్నట్టూ నవ్వేవాణ్ణి.

ఆ నవ్వు నా కొంప ముంచింది. తెలిసిన ఇంకో ఫ్యాక్టరీ ఓనరు దగ్గరికి పని కోసం వెళితే, "మీ ఇల్లు సూసినాను. నీకేటయ్యా పనితో అవసరం? తిండికి లేనోడికి ఇచ్చుకుంతాను" అని, ఆ పని నిజంగానే ఇంకొకరికి ఇచ్చేశాడు.

మిగిలిన డబ్బుతో అక్క గది గోడలు లేచాయి, గచ్చు పడింది, కుళాయి వచ్చింది. తలుపు దగ్గర చెయ్యి ఖాళీ అయిపోయింది. తుఫానుకి కూలిన మా పనసచెట్టు పలకలు దాచి ఉంటే టెక్కలి నుంచి వచ్చిన ఒక వడ్రంగి చేత తలుపు చేయించాను. వార్నిష్ కొనలేక ఫ్యాక్టరీ రోజుల్లో తెచ్చుకున్న జీడినూనె డబ్బా బయటికి తీశాను. పిక్కల తొక్కలోంచి తీసే ఆ నూనె పూస్తే చెక్కకి చెదలు పట్టదు. భావనపాడులో పడవలకి అదే పూస్తారు, పూసి నెలల తరబడి ఎండనిస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ అవి శ్రావణమాసపు వానలు, నర్సు నాలుగురోజుల్లో వస్తానంది. మూడోరోజు వేలు పెట్టి చూస్తే ఆరినట్టే అనిపించింది. ఇరవై రెండేళ్ళు జీడిలో నానిన వేలు అది, దానికేం తెలుస్తుంది!

నర్సు వచ్చే ముందురోజు అక్క తన గది చూసుకోవడానికి వచ్చింది. తలుపుని రెండు అరచేతులతో తోసింది, మూసింది, మళ్ళీ తోసింది. అన్నేళ్ళలో ఆవిడకంటూ ఒక గది ఉండటం అదే మొదటిసారి. "జీడి వాసనొత్తంది గదరా తమ్ముడా, నాను పిక్కలు కొట్టిన నాటి వాసనలాగుంది" అని నవ్వింది. తెల్లారేసరికి రెండు అరచేతులూ బొబ్బలెక్కిపోయాయి. ఒకప్పుడు బస్తాల కొద్దీ పిక్కలు కొట్టిన చేతులే. జబ్బు వాటి చర్మాన్ని ఉల్లిపొరలా చేసేసిందని నాకు తట్టలేదు. నర్సు ఆ చేతులు చూసింది, తలుపు చూసింది. కోప్పడలేదు. "చేతులు మానాలండి, తలుపు మార్చాలి. అప్పుడు ఫోన్ చెయ్యండి" అని వెళ్ళిపోయింది.

తలుపు ఊడదీసి పెరట్లో పడేశాను. కొత్తది కొనాలంటే డబ్బంతా స్తంభాల మీద ఉంది. టైల్స్ పీకి అమ్మొచ్చా అని మేస్త్రీని అడిగాను. "పీకితే పగిలిపోతాయి బాబూ" అన్నాడు. చేబదులు అడిగిన చోటల్లా నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. అక్క చేతులకి కట్లు కట్టారు కాబట్టి అవి మానడానికి పట్టిన మూడువారాలూ చెంచాతో అన్నం నేనే తినిపించాను. మొదటిరోజు నా మొహం చూసి, "ఏడవకురా. దొరబిడ్డనైపోనాను" అంది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నా అదే పరిస్థితి.

చేతులు మానాయి. నాకు సోంపేటలో కొబ్బరికాయల గోడౌన్లో పని దొరికింది. మొదటి జీతం పెట్టి తలుపుకి అడ్వాన్సు ఇచ్చాను. అది రాకముందే ఒక మధ్యాహ్నం పలాస నుంచి తిరిగొస్తూ ఆటోలో మా ఆవిడ భుజం మీద తల వాల్చిన అక్క మళ్ళీ ఎత్తలేదు. పదోరోజున ఇల్లంతా చుట్టాలతో నిండి ఉన్నప్పుడు కొత్త తలుపు వచ్చింది. ఎక్కడ దింపమంటారని బండివాడు అడిగాడు.

మొన్న టీ లేకుండానే పెరట్లోకి తిరిగి వెళ్ళాను. "ఈ చెక్క కోసి కిటికీకి పెట్టీమంతావా?" అని వడ్రంగి అడిగాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించి నించున్నాను. సాయంత్రం దాకా, మర్నాడు కూడా చెయ్యి చూసుకుంటూనే ఉన్నాను. ఏమీ కాలేదు, తలుపు మీది నూనె పూర్తిగా ఆరిపోయింది. అలా ఆరడానికి దానికి మూడు నెలలు చాలు. ఆ మూడు నెలలు అప్పుడు నా చేతిలోనే ఉండేవి, వాటిని నేను వీధి స్తంభాలకి అతికించేశాను.