హమీద్ సాబ్ సభలో చెప్పిన మాట

జడ్చర్ల దిక్కు మా మందలకు వైద్యం చేసిన పశువుల డాక్టరు హమీద్ సాబ్ ఇక లేరన్న కబురు నాకు సంతలో తెలిసింది. బేరమాడుతున్నవాణ్ని బేరం వదిలేసి ఊరి బాట పట్టాను.

సాబ్ భారీ మనిషి. ఆయన దిగితే స్కూటరు ఊపిరి పీల్చుకుంటుందని మావాళ్లు నవ్వేవారు. "నవ్వుండ్రి, గొర్రెలు బెదరకుంట నవ్వుండ్రి" అనేవారు సాబ్.

ఒక ఏడు మా సంఘం మందలో గొర్రెలకు చూలు నిలవలేదు. గొడ్డువని తేల్చి కోతకు అమ్మాలని సభ పెట్టి సాబ్‌నూ పిలిచాం. మా విత్తనపు పొట్టేలును మాత్రం ఎవరూ అనుమానించలేదు. జాతరలో నలుగురూ మెచ్చాలని ఉలవలు, పల్లిచెక్క పెట్టి, నడవనీయకుండా నీడలో కట్టి బలిపించాం. సంఘం లెక్కలు నావే. బడికి పోకుండానే లెక్కలు నేర్చినవాణ్నని నాకు గర్వం. అన్ని గొర్రెలకూ ఉమ్మడిగా ఉన్నది ఆ ఒక్క పొట్టేలేనన్న చిన్న లెక్క నాకు తట్టలేదు.

సాబ్ లేచారు. "కొవ్వంటే ఉత్త బరువు కాదు. గది నెత్తుర్లకు హార్మోన్లు ఇడుస్తది. మితిమీరితే గవి అదుపు తప్పి ఒంట్ల కండ్లకు కనవడని వాపు పుడ్తది. గా వాపుతోని మగబీజం చెడొచ్చని కొత్తగ చదువుతున్న. గదొక్కటే కారణమని అంటలే. ముందుగాల పొట్టేలును మార్చుండ్రి."

"మగదానికి లోపమేంది సాబ్?" అన్నాడు మా సంఘం పెద్ద మల్లయ్య.

సాబ్ అన్నారు: "మాకు పిల్లల్లేరు. ఊరంత మా బేగంను గొడ్డుదన్నరు. పరీక్ష చేయించుకున్న. లోపం నాది మల్లయ్యా."

"అయితే సాబ్‌ను గూడ మార్చాలె!" అన్నారెవరో. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి సాబ్ నవ్వలేదు.

దాని బదులు ఒక బక్క పొట్టేలును మందలోకి తోలాం. గొర్రెలు చాలావరకు ఈనాయి. మంద కోతకు పోలేదు.

మొన్న పరామర్శకు పోతే బేగం పరదా వెనుక నుంచి అన్నారు: "నా లోపంతోని ఆయనకు ఒక్క బిడ్డ గూడ లేకపాయె అన్నా."

లోపం ఎవరిదో ఆమెకు తెలియనే తెలియదని అప్పుడర్థమైంది. ఇంట్లో చెప్పలేని మాటను సాబ్ మా ముందు పెట్టారు. మేం నవ్వును ఇండ్లకు మోసుకుపోయాం గానీ, ఆ మాటను మా ఆడవాళ్లకైనా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె చెవిన పడేది.

సభలో ఆయన అన్నది అన్నట్టే ఆమెకు చెప్పాను. బేగం అడిగారు:

"మీకందరికి ఎరుకేనా?"

పరదా అడ్డమున్నా తలెత్తలేకపోయాను.

పశువు ప్రాణం కోసం తన పరువును సభలో పెట్టిన అట్లాంటి వైద్యుడు మాకిక దొరకడు. ఆయనకు తలవంచి మొక్కుతున్నాను. ఇదంతా రాయమన్నది బేగమే. "ఊరంత అన్నది గద అన్నా. ఊరంత సదవాలె" అన్నారు.