లాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న అమ్మాయి

మా మేనేజరు రోజుకోసారైనా అనే మాట ఒకటుంది: "నా లాప్‌టాప్ల మంచిగనే వస్తుంది గదా!" హైదరాబాదు నుంచి నోయిడా వచ్చి ఏళ్లు గడిచినా ఆయన యాస మాత్రం వదల్లేదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ సాఫ్ట్‌వేర్ మేమే చూసేవాళ్లం. కొత్త సర్వర్‌కి మారుతున్నప్పుడే మేనేజరుకి చెప్పాను. పేర్లు ఏ వరసలో ఉండాలో మా డేటాబేస్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఆయన లాప్‌టాప్‌లోని విండోస్‌ది ఒక పద్ధతి, పాత లినక్స్‌ది ఒకటి, కొత్త లినక్స్‌ది ఇంకొకటి. అన్నిచోట్లా ఒకే పద్ధతి పెట్టి, పేర్లు వెతకడానికి వాడే ఇండెక్స్ మళ్లీ కట్టకపోతే ఉన్న పేరు కూడా దొరకదు. "అచ్ఛా, అడ్మిషన్లు అయినంక చూద్దాం తియ్" అన్నాడు.

అడ్మిషన్ల మొదటిరోజే వార్డెన్ పిలిపించింది. మేం వెళ్లేసరికి కౌంటర్ ముందు గుంటూరు అమ్మాయి ఒకతె, రెండు సూట్‌కేసులతో, ఏడ్చి ఏడ్చి నిలబడి ఉంది. కంప్యూటర్‌లో పేరు లేదట. సాయంత్రంలోగా దొరక్కపోతే ఆమెకి రావాల్సిన మంచం వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో పిల్లకి ఇచ్చేస్తారట. "ఈ సౌత్ పేర్లతో ఎప్పుడూ ఇదే గొడవ" అంది వార్డెన్ హిందీలో. పేరుకి ముందు పొడి అక్షరాలు, పక్కన చుక్కలు మనవాళ్లకే ఎక్కువ. కొత్త సర్వర్‌లో వరస మారింది సరిగ్గా ఆ చుక్కల దగ్గరే. మేనేజరు తన లాప్‌టాప్ తెరిచి, అందులో ఉన్న డేటా కాపీలో వెతికాడు. పేరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఠీక్ హై, ఈ అమ్మాయే కౌంటర్‌లో పేరు తప్పు చెప్పి ఉంటుందని వార్డెన్‌తో తేల్చేశాడు.

ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని ఇండెక్స్ మళ్లీ కట్టాను. వార్డెన్ తెప్పించిన చాయ్ చల్లారేలోపు అయిపోయిన పని. సర్వర్‌లోనూ పేరు వచ్చింది.

"దేఖా? పేరున్నది గదా! ఊకెనే అందర్ని పరేషాన్ చేసినవ్. మేడమ్‌కు సారీ చెప్పు బేటా" అన్నాడు మేనేజరు.

ఆ అమ్మాయి వెంటనే చెప్పేసింది. వార్డెన్‌కి, ఆయనకి, చివరికి నాకూ.

"సారీ చెప్పాల్సింది నువ్వు కాదమ్మా" అంటూ మేనేజరు వైపు తిరిగాను. ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదిలెయ్యక్కా, ప్లీజ్. మీరు వెళ్లిపోతారు. నేను నాలుగేళ్లు ఈ మేడమ్ దగ్గరే ఉండాలి."