సార్పోంగ్ మాస్టర్ చెవులు

సార్పోంగ్ మాస్టర్ ఏ కారుకైనా బానెట్ ఎత్తేముందు దాన్ని న్యూట్రల్‌లో పెట్టించి, స్టూలేసుకుని కళ్ళు మూసుకుని వింటాడు. ఎంతసేపు వింటాడో ఆయనకే తెలియదు. కుమాసీ పట్నంలో మా సువామే మెకానిక్కుల పేటలో అందరూ చేతులతో బళ్ళు బాగుచేస్తే, ఈయన చెవులతో చేసేవాడు. పక్క కొట్లో స్పేరు పార్టులు అమ్ముతూ పన్నెండేళ్ళు ఆ వైభోగం చూశాను.

"పరుగెత్తేటప్పుడు ఎవరైనా గట్టిగానే ఉంటారు బిరాగో. నిలబడ్డప్పుడే అసలు రంగు బయటపడుతుంది" అనేవాడు నాతో. ఆయన వింటుంటే చుట్టుపక్కల ఎవరూ మాట్లాడకూడదు. మైకులో ప్రార్థన చేస్తున్న పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "దేవుడికి మెల్లగా చెప్పినా వినపడుతుందయ్యా, నాకు వినపడదు" అని మైకు ఆపించాడు. ఓసారి సూటేసుకున్న పెద్ద ఆఫీసరు కారు తెచ్చాడు. మాస్టర్ కాసేపు విని కళ్ళు తెరిచి, "అయ్యా, కాస్త దూరం జరగండి. మీ కడుపు కూడా మోగుతోంది. ఏది ఎవరిదో తెలియడంలేదు" అన్నాడు.

క్లచ్ తొక్కితే ఒక మోత, వదిలితే ఇంకోటి అంటే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. ఆ విద్యలో వంక లేదు. కానీ ఆ వినడం గంటలు సాగేది, లోపల కూర్చున్న డ్రైవర్లలో సగంమంది నిద్రపోయేవాళ్ళు. ఎంత విసుగెత్తిస్తాడో పాపం అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అంపోఫో అనే డ్రైవరు ఏడు సీట్ల కారు తెచ్చాడు. ఎంతో దూరాన ఉన్న టమాలే ఊరి దాకా జనాన్ని ఎక్కించుకెళ్ళే బండి. ఆగి ఉన్నా ఇంజిన్ దానంతటదే రేసవుతోంది, పడిపోతోంది, మళ్ళీ లేస్తోంది.

"త్వరగా చూడు మాస్టర్. స్టాండులో సీట్లన్నీ నిండాయి. రెండింటికి బయల్దేరాలి."

"క్లచ్ తొక్కు. వదులు. ఇప్పుడు బ్రేకు తొక్కు."

బ్రేకు తొక్కగానే మోత మారింది. మాస్టర్ ముఖమూ మారింది.

"నిన్న ఎక్కడున్నావు?"

"టమాలే నుంచి వచ్చా. మొన్న వెళ్ళా. రెండో డ్రైవరుకి జ్వరం, రెండువైపులా నేనే."

"ఇది సిగ్గరి బండి. మనుషులు చూస్తుంటే నోరు విప్పదు. సీటు వెనక్కి వాల్చి నువ్వూ కళ్ళు మూసుకుని విను."

అంపోఫో విసుక్కుంటూ వాలాడు. నాలుగు గుక్కల గాలి పీల్చేలోపు తల పక్కకి ఒరిగింది. మాస్టర్ చెయ్యి లోపలికి పెట్టి ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. నా దగ్గరికొచ్చి బ్రేకుకి వెళ్ళే రబ్బరు గొట్టం అడిగాడు. పాతది చిట్లి గాలి లాగుతోందట. అలాగే వెళ్ళుంటే ఏ దిగుడులోనో బ్రేకు రాయిలా బిగుసుకునేది. పది నిమిషాల్లో మార్చాడు. మార్చి, మళ్ళీ స్టూలేసుకుని బానెట్‌కి చెవి ఆనించాడు.

"మాస్టర్, ఇంజిన్ ఆగిపోయింది. ఇంకా ఏం వింటున్నారు?"

"గురక."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే పన్నెండేళ్ళూ గుర్తొచ్చాయి. "అయితే ఇన్నాళ్ళూ..."

"ఇంజిన్ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. డ్రైవరుకే టైం పడుతుంది."

"పడుకోమని చెప్పొచ్చుగా?"

"నువ్వు అలిసిపోయావంటే పోట్లాటకొస్తాడు. బండి అలిసిపోయిందంటే ఒప్పుకుంటాడు."

మూడింటికి మెమునా ఊడిపడింది. టమాలేలో బట్టల వ్యాపారం ఆవిడది. స్టాండులో కూర్చుని కూర్చుని ఓపిక చచ్చి, డ్రైవర్ని చెవి పట్టుకుని లాక్కెళ్ళడానికే వచ్చింది.

"ఏడీ వాడు? నా సరుకు ఎండలో మాడిపోతోంది. ఆరుగురం పడిగాపులు పడుతున్నాం, వీడెక్కడ..."

మాస్టర్ పెదాల మీద వేలుపెట్టి కారు కిటికీ చూపించాడు. ఆవిడ తల లోపలికి పెట్టి, నోరు తెరుచుకుని పడుకున్నవాణ్ణి చూసింది.

"మొన్నటినుంచి నిద్రలేదు వాడికి. మీ ఆరుగురినీ ఇలాగే తీసుకెళ్ళమంటావా?" అన్నాడు మెల్లగా.

మెమునా తల బయటికి తీసింది. ఫోను తీసి స్టాండుకి గుసగుసగా, "బండి ఇంకా కాలేదు. చాలా పెద్ద రిపేరు" అంది. పైట కొంగులాంటి తన తలగుడ్డ విప్పి, ఎండ పడుతున్న కిటికీకి అడ్డం కట్టింది.

అయిదింటికి అంపోఫో ఉలిక్కిపడి లేచాడు. "ఏం దొరికింది?"

"చిన్న గొట్టం చిట్లింది. మార్చాను."

"చిన్న గొట్టానికి ఇంతసేపా? పెద్దదైతే ఇక్కడే కాపురం పెట్టాలి." గొణుక్కుంటూనే స్టార్టు చేశాడు. ఇంజిన్ తొణకలేదు, బెణకలేదు. వాడి కళ్ళూ తేటగా ఉన్నాయి.

ముందు సీట్లో కూర్చున్న మెమునా కిటికీలోంచి తల బయటపెట్టింది. "మాస్టర్, మా ఆయన లారీ నడుపుతాడు. వచ్చేవారం పంపిస్తాను. బండికేమీ లేదు. అయినా ఓసారి విను."

"ఏమీ లేని బండా? అయితే సాయంత్రం దాకా వినాల్సొస్తుందమ్మా" అన్నాడు మాస్టర్.