దీవెనమ్మత్త మాట కోసేసింది నేనే

మా చిన్నతనంలో ఇంట్లో ఆ పాట వినాలంటే ముందు దీవెనమ్మత్త మాట వినాల్సిందే...

ఆదివారం పొద్దున్న గుడికి బయల్దేరే ముందు నాన్న టేప్ రికార్డర్ మీట నొక్కేవారు. కాసేపు బరబరమని చప్పుడు... ఒక చిన్న దగ్గు... తర్వాత ఆవిడ గొంతు.

"నాను నౌపడ ఉప్పు మడుల్లో పనిసేసే దీవెనమ్మని. ఈ పాట నానే కట్టినాను. తప్పులుంటే సెమించండి. పాడతన్నాను... ఇనండి."

అప్పుడు మొదలయ్యేది పాట.

దీవెనమ్మత్త మాకు చుట్టం కాదు. మా చర్చి సంఘంలో అందరికీ అత్తే. పగలంతా మడుల్లో ఉప్పు గీకి కుప్పలు పోసేది. అక్షరం ముక్క రాదు. పాటలు మాత్రం పని చేస్తూనే నోటితో కట్టేసేది. "కళ్లనీళ్లు ఆరిపోతే ఉప్పే మిగుల్తాది... ఆ ఉప్పునీ పారెయ్యడు మా దేవుడు" అని ఆవిడ ఎత్తుకుంటే, గుడిలో ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకి అద్దుకునేవారు. సంఘం వాళ్లే ఆవిణ్ని శ్రీకాకుళం తీసుకెళ్లి, ఒక చిన్న స్టూడియోలో పాడించి, కేసెట్ చేయించారు. సైకిళ్ల మీద తిరిగి ఊరూరా సంఘాలకి పంచారు.

ఒక వేసవి సెలవుల్లో విశాఖపట్నం నుంచి మా పిన్ని కూతుళ్లు వచ్చారు. ఆ కేసెట్ విని పడీ పడీ నవ్వారు. "పాడతన్నాను... ఇనండి" అని వారం రోజులు ఆవిడలా గొంతు పెట్టి ఆడుకున్నారు. నేనూ నవ్వాను... వాళ్లకంటే గట్టిగా నవ్వాను. నా మాటలోనూ ఆ యాసే ఉందని వాళ్లెక్కడ కనిపెడతారో అని నా భయం.

పదో తరగతి అయ్యాక టెక్కలిలో కంప్యూటర్ నేర్చుకోవడానికి చేరాను. అక్కడి సార్ టేప్ రికార్డర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఒక వైరు పెట్టి, కేసెట్ పాటల్ని లోపలికి ఎక్కించడం చూపించారు. నాకు ఒళ్లు తెలీలేదు! క్రిస్మస్‌కి మా సంఘం పాటలన్నీ ఒకే సీడీలో చేసిస్తానని పాస్టర్‌గారికి మాటిచ్చాను.

దీవెనమ్మత్త పాట దగ్గరికొచ్చేసరికి తెర మీద గీతలు గీతలుగా ఆవిడ మాట కనిపించింది. ముందు చిన్న గుట్ట... తర్వాత పెద్ద పాట. ఆ చిన్న గుట్టని మౌస్‌తో పట్టుకుని తుడిచేశాను. సీడీ నీటుగా ఉండాలి కదా అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. పాటకి పేరు కూడా "పాట 4" అని పెట్టి ఊరుకున్నాను. పైగా, ఇక కేసెట్ ఎందుకులే అని దాని మీద సినిమా పాటలు రికార్డు చేసుకున్నాను.

ఆ సీడీ నుంచి ఇంకో సీడీ... తర్వాత సెల్ షాపుల్లో మెమొరీ కార్డులు... తర్వాత వాట్సాప్. ఆ పాట ఎక్కడెక్కడికో పోయింది. చీపురుపల్లి స్టేషన్లో ఒకాయన ఫోన్లో అదే పాట మోగితే, అది నా చలవేనని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఈమధ్య ఒక చానల్ వాళ్లు కీబోర్డూ, వయొలిన్లూ పెట్టి దాన్ని మళ్లీ పాడించారు. "మిగుల్తాది"ని "మిగులును" చేశారు. వీడియో కింద పాట కట్టినవాళ్ల పేరు లేదు. హక్కులు మాత్రం వాళ్లవేనట.

కిందటి నెల దీవెనమ్మత్త మనవరాలు ఆవిడ చేత ఆ పాట పాడించి, ఫోన్లో వీడియో తీసి నెట్‌లో పెట్టింది. రెండో రోజుకి ఆ వీడియోలో గొంతు పోయింది. ఈ పాట ఆ చానల్ వాళ్లదని ఒక నోటీసు వచ్చింది. నేను కంప్యూటర్లు తెలిసినదాన్నని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

అత్త ఆ ఫోన్ని నా చేతిలో పెట్టి అడిగింది. "ఏటే అమ్మీ... నా పాట నాను పాడకూడదేటి?"

నోటీసు చదివి, పాట నీదేనని చూపించాలట అత్తా అన్నాను.

"కేసెట్టులో మొదట్లోనే సెప్పినాను గదే, నానే కట్టినానని. అదినిపిస్తే సాలు గదా?" అంది ధీమాగా.

అప్పుడు చెప్పాను. ఆ ముక్క నేనే కోసేశానని, కేసెట్ కూడా చెరిపేశానని. ఆవిడ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "ఏమే... తప్పుగా సెప్పినానేటి?" అంది.

"లేదత్తా, సరిగ్గానే చెప్పావు" అన్నాను. ఎందుకు కోశానో చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆవిడకి చెప్పలేనిది ఇక్కడ ఇంతమందికి చెబుతున్నాను... సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ చానల్‌కి రాశాను. పాట ఆవిడదేనని రుజువు పంపమన్నారు. అత్త దగ్గర ఒక్క కేసెట్ కూడా లేదు, అడిగినవాళ్లందరికీ ఇచ్చేసింది. టెక్కలి, పలాస, సోంపేట వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే... మీ అటక మీదో, అమ్మమ్మ ట్రంకు పెట్టెలోనో, నీలం అట్ట మీద తెల్ల పావురం బొమ్మ ఉన్న కేసెట్ ఉందేమో కాస్త చూడండి. బూజు పట్టినా, టేపు నలిగినా పర్వాలేదు. మీ ఇళ్లలో ఇలాంటి గొంతులు ఇంకేమైనా ఉంటే, ఎవరివో కింద పేర్లతో సహా రాయండి.

ఇప్పుడు ఫోన్లో ఆ పాట పెడితే ముందు ఒక సబ్బు ప్రకటన వస్తోంది. అది అయ్యేదాకా నోరు మూసుకుని వింటున్నాను... దీవెనమ్మత్త తన పేరు చెప్పుకోవడానికి అంతసేపు కూడా పట్టేది కాదు.